వాడరేవులో ఆగిన బాప్తిస్మం

సలోమి పత్తి చేలో ఈ గట్టున నిలబడి కేకేస్తే ఆ గట్టునున్న కూలీలు వంచిన నడుం ఎత్తి చూసేవాళ్లు. ఇంకొల్లు అవతల నల్లరేగడి పొలాల్లో ఆమె ముఠా మేస్త్రి. పత్తి తీతకైనా మిరప కోతకైనా రైతులు ముందు ఆమె గడపే తొక్కేవాళ్లు. మనిషి పొట్టి, గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. భర్త జయరావు ట్రాక్టరు డ్రైవరు. ఒక్కతే కూతురు కేజియా, తొమ్మిదో తరగతి చదువుతోంది.

అంత నోరున్న మనిషి, చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ మాత్రం తల వంచుకుని చాప అంచు గిల్లుతూ కూర్చునేది. ఒకామెకు కలలో వెలుగు కనపడింది. ఒకాయనకు చేలో నీళ్లు పెడుతుంటే పేరు పెట్టి పిలిచినట్టు వినపడింది. సంఘపెద్ద దేవదానానికైతే వారానికొక దర్శనం. సలోమికి ఏమీ వినపడలేదు, ఏమీ కనపడలేదు. మొదట్లో దాన్ని పెద్దగా పట్టించుకోలేదు కానీ, వాళ్లమ్మ పోయినప్పటి నుంచి అది లోపల ముల్లులా ఉండిపోయింది.

అప్పుడేం జరిగిందంటే, ముసలామెకు జ్వరం ముదిరి మాట పడిపోయింది. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోవాలా, ప్రాణం అంతంత మాత్రంగా ఉన్న మనిషిని కదపకుండా ఇంట్లోనే ఉంచాలా? చుట్టాలు తలా ఒక మాట చెప్పారు. సలోమి దొడ్లోకి పోయి మోకాళ్ల మీద పడి, "ఎటు పొమ్మంటావు ప్రభువా, ఒక్క మాట చెప్పు" అని అడిగింది. జవాబు రాలేదు. చివరికి గుంటూరే తీసుకుపోయారు. నాలుగో రోజు అక్కడే కన్నుమూసింది. ఆయన చెప్తే తను వినలేదా, అసలు చెప్పనే లేదా, తనలాంటి వాళ్లతో మాట్లాడడా? ఈ మూడు ప్రశ్నలూ ఆమెను పత్తి చేలో కూడా వదిలేవి కావు.

పాస్టరు పరంజ్యోతి గారు ఏటా క్రిస్మస్ ముందు మోపెడ్ మీద వచ్చి ఆమె వాకిట్లో ఆగేవారు.

"ఏమ్మా సలోమీ, ఈ ఏడైనా బాప్తిస్మం తీసుకుంటావా?"

"వద్దులెండయ్యగారూ. ఆయన నాతో ఒక్క మాటన్నా మాట్లాడితే అప్పుడు చూద్దాం."

ఆయన బలవంతం చేసే మనిషి కాదు. మంచినీళ్లు తాగి వెళ్లిపోయేవారు.

రెండు వేల నాలుగులో కేజియా తనంతట తనే బాప్తిస్మానికి పేరు ఇచ్చి వచ్చింది. వచ్చాక గుమ్మంలో నిలబడి గొణిగింది. "అమ్మా, నాకు నీళ్లంటే భయం. నువ్వు కూడా రాకూడదా?"

కూతురు అడిగితే కాదనే తల్లి కాదు సలోమి. ఆ సాయంత్రమే పాస్టరు గారింటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పేసింది. "నాకింకా ఏమీ వినపడలేదయ్యగారూ. పిల్ల చెయ్యి పట్టుకోడానికి దిగుతా. తప్పా?"

పరంజ్యోతి గారు తల అడ్డంగా ఊపారు. "దిగమ్మా. వినపడ్డవాళ్లే దిగాలని నేనైతే ఎక్కడా చదవలేదు."

ఆ ఏడు కాలవకు నీళ్లు సరిగా రాలేదు. బాప్తిస్మాలు ఎక్కడిద్దామా అని సంఘం తర్జనభర్జన పడి, క్రిస్మస్ మర్నాడు ఆదివారం కాబట్టి ఆరాధన కూడా అక్కడే పెట్టుకుందామని వాడరేవు ఖాయం చేసింది. ఆ మాట పేటలో పడేసరికి పండగ మీద పండగ అయింది. చీరాల దాటితే సముద్రమే అయినా, పేటలో సగం మంది దాన్ని చూసి ఎరగరు. చలిలో, ఇంకా చీకటుండగానే జయరావు ట్రాక్టరు కదిలింది. ట్రక్కు నిండా జనం, అరిసెల డబ్బాలు, పులిహోర గిన్నెలు, తబలా, తెల్లబట్టల మూటలు. దారి పొడుగునా పాటలే. సలోమి ముఠా ఆడవాళ్లు ఒక పాటెత్తుకుంటే వెనక కూర్చున్న కుర్రాళ్లు ఇంకోటి ఎత్తుకున్నారు. చీరాల వచ్చేసరికి సగం మందికి గొంతులు పోయాయి.

సరుగుడు తోట దాటగానే సముద్రం కనపడింది. పచ్చ రిబ్బన్ల జడలూపుతూ కేజియా "అమ్మో" అని తల్లి భుజం పట్టేసుకుంది. సలోమికి నవ్వు ఆగలేదు. నలభై ఏళ్ల మనిషి చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో పరుగెత్తింది.

"ఏయ్! కళ్లు కనపడటంలా? చాపల మీద తొక్కుతున్నావ్!"

ఆ కేకకు సలోమి టక్కున ఆగింది. కాళ్ల ముందు ఇసక మీద పరిచిన వల, దాని మీద ఎండుతున్న చేపలు. అవతల నడుం మీద చేతులు పెట్టుకుని ఒక బెస్తామె. తన గొంతుకు దీటైన గొంతు సలోమి అంతవరకూ వినలేదు.

"చూళ్లేదక్కా! ఇంత నీళ్లు ఎప్పుడూ చూడలా, కళ్లన్నీ అటే పోయినయ్!"

ఆ జవాబుకు అవతలామె కోపం కాస్తా నవ్వయిపోయింది. పేరు పేరమ్మ. ఒడ్డుకు పైనున్న తాటాకు గుడిసె ఆమెదే. మొగుడు పోలయ్య తెల్లారకముందే పడవేసుకుని వేటకు పోయాడు. "ఏందమ్మే, అందరూ తెల్లబట్టలు కట్టుకుంటున్నారు?" అని అడిగింది. సలోమి చెబితే విని, "చలికి వణికి సస్తారు, తొందరగా కానియ్యండి" అని, ఒక ఎండు చేపల దండ తీసి చేతిలో పెట్టింది.

పాటలయ్యాక పరంజ్యోతి గారు పడవల పక్కన నిలబడి వాక్యం చెప్పారు. గాలికి ఊగిపోయే పడవలో శిష్యులు, నీళ్ల మీద నడిచి వచ్చిన ప్రభువును చూసి భూతమనుకుని కేకలు పెట్టడం గురించి చెప్పారు. రోజూ వెంట తిరిగినవాళ్లే ఆయన్ను పోల్చుకోలేకపోయారని అన్నారు. 'వాళ్లకైనా ఆయన మాట చెవిన పడింది కదా' అనుకుంది సలోమి.

తర్వాత ఆయన నడుం లోతు నీళ్లలోకి దిగారు. ముందు ఒక ముసలాయన బాప్తిస్మం తీసుకుని, రొప్పుతూ, నవ్వుతూ ఒడ్డుకొచ్చాడు. తర్వాత వంతు కేజియాది. సలోమి కూతురి చెయ్యి పట్టుకుని చల్లటి నీళ్లలో అడుగేసింది.

నాలుగడుగులు వేసేసరికి మోకాళ్ల దాకా ఉన్న నీళ్లు చీలమండలకు వచ్చాయి. ఇంకో నాలుగడుగులు వేసింది. తడి ఇసక. నడుం లోతులో ఉన్న పాస్టరు గారికి నీళ్లు మోకాళ్ల దాకా దిగిపోయాయి. ఆయన అటూ ఇటూ చూసి, లోతు కోసం ముందుకు నడిచారు. ఆయన నడిచినకొద్దీ సముద్రం వెనక్కి పోయింది. పక్కనున్న పడవలు ఒరిగిపోయాయి. ఎప్పుడూ వెలుగు చూడని బురద బయటపడి, దాని మీద చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"అద్భుతం!" దేవదానం చేతులెత్తి ఒడ్డు నుంచి పరుగెత్తుకొచ్చాడు. "ఎర్రసముద్రం పాయలైనట్టు పాయలవుతోంది! హల్లెలూయ!"

కొందరు మోకరించారు. కుర్రాళ్లు చేపల కోసం బురదలోకి దూకారు. పిక్నిక్కుకొచ్చిన వాళ్లు ఈలలేశారు. పైన గుడిసెల దగ్గర బెస్తవాళ్లు చేతులూపుతూ ఏదో అరుస్తున్నారు కానీ గాలికి ఒక్క ముక్కా అందటం లేదు. సలోమి పాస్టరు గారి మొహం చూసింది. ఆ మొహంలో ఆనందం లేదు.

"పైకి పొండి!" ఉన్నట్టుండి ఆయన అరిచారు. "అందరూ పైకి పొండి! పిల్లల్ని పట్టుకోండి!"

ఆయన వెనక, చూపు ఆనే చోట, ఒక తెల్లటి గీత లేచింది.

ఒక్కసారిగా జనం తిరిగారు. సలోమి కూతుర్ని లాక్కుంటూ పరుగు తీసింది. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంది. ఎవరో భుజం తగిలించి పోయారు, ఇంకెవరో అడ్డం పడ్డారు. కేజియా చెయ్యి జారింది. సలోమి బోర్లా పడి, లేచి మోకాళ్ల మీద కూర్చుని చూస్తే ముందూ వెనకా అన్నీ తెల్లబట్టలే. పిల్ల ముందుకు పోయిందా? వెనకపడిందా? వెనకపడి ఉంటే తను పైకి పరుగెత్తడమెట్లా? ముందుకు పోయి ఉంటే తను వెనక్కి పోవడమెందుకు?

"ఎటు ప్రభువా!" అంది. "ఎటు?"

జవాబు రాలేదు. వెనక నుంచి రైలు వస్తున్నట్టు చప్పుడు.

అప్పుడు జబ్బ మీద ఒక చెయ్యి పడింది. పట్టకారులా పట్టేసింది.

"లెగవే! ఈడ కూకుంటావేందే! లెగు!"

పేరమ్మ. గుడిసెల దగ్గరుండాల్సిన మనిషి, అందరూ పైకి పరుగెత్తుతుంటే కిందికి దిగి వచ్చింది.

"నా బిడ్డ!"

"పచ్చ రిబ్బన్ల పిల్లేగా? పైకి పోయింది, నా కళ్లతో చూశా! నడువ్!"

సలోమి లేచింది. ఇద్దరూ ఒకరినొకరు ఈడ్చుకుంటూ ఇసక తిన్నె ఎక్కారు. సరుగుడు తోట మొదట్లోకి చేరారో లేదో నీళ్లు వచ్చి నడుముల మీద కొట్టాయి. పేరమ్మ ఒక చేత్తో చెట్టును కావలించుకుని రెండో చేత్తో సలోమి జబ్బ వదల్లేదు. బురద నీళ్లు, వలలు, గుడిసె తాటాకులు, ఎవరిదో ప్లాస్టిక్ బిందె పక్కనుంచి దూసుకుపోయాయి. చెట్టు వంగింది గానీ విరగలేదు. ఎంతసేపో తెలీదు. నీళ్లు వచ్చినంత జోరుగానూ వెనక్కి లాగాయి. తర్వాత మోకాళ్ల దాకా, తర్వాత పాదాల దాకా తగ్గిపోయాయి.

"అమ్మా!"

తోట అవతల, ట్రక్కు మీద, జయరావు భుజం పట్టుకుని కేజియా నిలబడి ఉంది. పచ్చ రిబ్బన్లలో ఒకటి ఊడిపోయింది, అంతే. సలోమి ఎట్లా పోయిందో, ట్రక్కు ఎట్లా ఎక్కిందో ఆమెకే తెలీదు. కూతుర్ని పట్టుకుని ఏడుస్తూ, నవ్వుతూ, మళ్లీ ఏడుస్తూ కూర్చుంది. అంతలోనే లేచి, చేలో పిలిచినట్టు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచింది. చెట్ల మధ్య నుంచి, పడిపోయిన పాకల పక్కనుంచి, రోడ్డు మీద నుంచి ఒక్కొక్కరే పలుకుతుంటే ట్రక్కు మీదున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. అందరికంటే ఆఖరున పరంజ్యోతి గారు కళ్లద్దాలు లేకుండా, చేపల కోసం దూకిన ఒక చిన్న కుర్రాణ్ణి చంకనేసుకుని తడుముకుంటూ వచ్చారు. తబలా పోయింది. పులిహోర పోయింది. మనుషులందరూ ఉన్నారు.

కానీ పేరమ్మ గుడిసె లేదు. గుడిసె ఉన్న చోట ఇసక నున్నగా ఉంది. ఎండబెట్టిన చేపలు, దాచుకున్న వలలు దేనికీ ఆనవాలు లేదు. ఆమె అటు చూడనే లేదు. సముద్రం వైపే చూస్తోంది. "ఆయన ఆణ్ణే ఉన్నాడు. ఈ నీళ్లలోనే ఉన్నాడు."

మళ్లీ వస్తుందట, ఊరు ఖాళీ చేయమంటున్నారని కబురొచ్చింది. జయరావు పిల్లల్నీ ముసలివాళ్లనూ చీరాల చేర్చడానికి ఇంజను స్టార్ట్ చేశాడు. సలోమి ట్రక్కు దిగింది. "కేజియాను చూసుకో. నేను ఈమెతో ఉంటా." జయరావు ఆమె మొహం చూసి గేరు వేశాడు. పాస్టరు గారు కూడా ఉండిపోయారు.

ఎత్తుగా ఉన్న రోడ్డు పక్కన ముగ్గురూ కూర్చున్నారు. చుట్టూ సముద్రం మీద మనుషులున్న ఇళ్లవాళ్లే. పేరమ్మ ఒకసారి సముద్రాన్ని తిట్టింది, ఒకసారి గంగమ్మకు దండం పెట్టింది. సలోమి ఆమె చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"అక్కా, నువ్వెందుకు కిందికొచ్చావు? నేనెవరని?"

"ఏమో. నాకేం తెల్సు? నువ్వాడ కూకోనుంటే కాళ్లు వచ్చేసినయ్."

సలోమి తన జబ్బ చూసుకుంది. వేళ్ల ముద్రలు కమిలి ఉన్నాయి. వాటిని చూస్తూ చూస్తూ ఉంటే ఆమెకు వాడరేవు కాదు, గుంటూరు ఆసుపత్రి కనపడింది. పక్క మంచం మీద కొడుకును పెట్టుకుని ఉన్న గుల్జార్ బేగం. ముక్కూ మొహం తెలియని మనిషి. తన కొడుక్కి తెచ్చుకున్న పాలల్లో సగం అమ్మకు పోసింది. సలోమి కునుకు తీస్తే తను కూర్చుని విసనకర్రతో విసిరింది. అమ్మ పోయినప్పుడు కళ్లు మూసింది కూడా ఆమే. ఆ నాలుగు రోజులూ సలోమి పైకప్పు వైపు చూసి, మాట్లాడవేం, మాట్లాడవేం అని దేవుణ్ణి అడుగుతూనే ఉంది. పక్కనున్న మనిషిని లెక్కలోకే తీసుకోలేదు.

ఒక్క ఉదుటున లేచి నిలబడింది.

"అయ్యగారూ! ఆయన మాట్లాడాడండీ!"

కళ్లద్దాలు లేని పాస్టరు గారు కళ్లు చిట్లించి చూశారు. "ఏమన్నాడమ్మా?"

"లెగవే, అన్నాడండీ! ఈడ కూకుంటావేందే, అన్నాడు! తిట్టినట్టే తిట్టాడు!" ఆమె నవ్వుతోంది, కళ్ల వెంట నీళ్లు ధారగా పోతున్నాయి. "ఈమె గొంతుతో అన్నాడు. గుంటూరులో కూడా ఉన్నాడయ్యగారూ! నాలుగు రోజులూ పక్కనే ఉన్నాడు. నాకే తెలీలా. నేనేమో మబ్బుల్లోంచి మాటొస్తదని చూస్తా కూర్చున్నా!"

పరంజ్యోతి గారు కూడా నవ్వారు, తడి కండువాతో మొహం తుడుచుకున్నారు. "పొద్దున నేను గంటసేపు చెప్పింది ఇదేనమ్మా. నాకూ ఇప్పుడే అర్థమవుతోంది."

"ఏందమ్మే మీ గోల?" అంది పేరమ్మ. అని, అంతలోనే గడ్డకట్టినట్టు ఆగిపోయింది. చెయ్యెత్తి చూపించింది.

ఎండ వాలుతున్న నీళ్ల మీద చుక్కల్లా పడవలు. ఒకటి, దాని వెనక ఇంకొకటి, ఆ వెనక ఇంకా కొన్ని. రోడ్డు మీద జనమంతా లేచారు. ఎవరి పడవ ఏదో తెరచాప అతుకులు చూసే పోల్చుకున్నారు ఆడవాళ్లు. పేరమ్మ పరుగెత్తింది, వెనకే సలోమి, ఆ వెనక పడుతూ లేస్తూ పాస్టరు గారు. పోలయ్య పడవ దిగి, ఒడ్డున గుడిసెలు లేకపోవడం చూసి నోరు తెరిచాడు. నడి సముద్రంలో ఉన్నవాళ్లకు అల వచ్చిన సంగతే తెలియలేదట. "ఇల్లేదే?" అన్నాడు. పేరమ్మ అతని చొక్కా పట్టుకుని ఊపేస్తూ, "ఇల్లెవడిక్కావాలయ్యా, ఇల్లెవడిక్కావాలి!" అని అరిచింది. సలోమి అక్కడే ఇసకలో చతికిలబడి పెద్దగా పాటెత్తుకుంది. ఏ పాటో ఎవరూ పట్టించుకోలేదు.

అన్ని ఇళ్లకూ ఆ సాయంత్రం అట్లా రాలేదు. స్కూలు వరండాలో ఒక ముసలామెను పడుకోబెట్టి తెల్లగుడ్డ కప్పారు. సలోమి వెళ్లి ఆ ఇంటివాళ్ల పక్కన కూర్చుంది. తాగేవాళ్లకు నీళ్లిచ్చింది. సునామీ అనే మాట ఆమె మొదటిసారి అక్కడే, ఎవరి రేడియోలోనో వింది.

తర్వాతి ఆదివారం చర్చిలో దేవదానం లేచి, మన సంఘం కోసం దేవుడు సముద్రాన్ని ఆపాడని సాక్ష్యం మొదలుపెట్టాడు. జన్మలో మొదటిసారి సలోమి సాక్ష్యాల వేళ నోరు తెరిచింది.

"అట్టా అనొద్దు పెద్దయ్యా. ఆపలా. వచ్చింది. ఆ ముసలామె ఇంటికి కూడా వచ్చింది. మనకోసం ఆపినోడు ఆమెకోసం ఎందుకు ఆపలేదంటే నువ్వేం చెప్తావు, నేనేం చెప్తా? నాకు తెలీదు. నాకు తెలిసింది ఒకటే. నేను ఎటూ తోచక కూలబడ్డప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు. మనం ఇప్పుడు వాడరేవు పోకపోతే ఆయన మనకోసం అక్కడే చూస్తా ఉంటాడు."

దేవదానం కూర్చున్నాడు. మనిషి మంచివాడే. కాసేపటికి లేచి, తన ఇంట్లో బియ్యం బస్తా ఉందని చెప్పాడు. పత్తి తీత ఆగినా సరేనని సలోమి ముఠా మొత్తం ట్రక్కెక్కింది. బియ్యం, కందిపప్పు, ఎండుమిర్చి తీసుకుని వాడరేవు పోయి, గాడిపొయ్యి తవ్వి, స్కూల్లో తలదాచుకున్న వాళ్లకు వంటలు చేసి పెట్టారు. పేరమ్మ సాంబారు రుచి చూసి, "ఇది కారమా, నిప్పా?" అని కేకలేసింది. అయినా రెండోసారి పోయించుకుంది.

బాప్తిస్మం మిరప కోతల కాలంలో జరిగింది. సముద్రం అంటే పిల్లలు దడుచుకుంటున్నారు, కాలవలో ఇంకా నీళ్లు లేవు. రైతు బాపయ్య గారు సంగతి విని, తన మిరపతోటలో బోరు దగ్గరున్న సిమెంటు తొట్టి వాడుకోమన్నారు. "నాకు మీ సంగతులు తెలీవు గానీ పాస్టరు గారూ, కరెంటు ఎప్పుడు పోతుందో కూడా తెలీదు. తొందరగా కానియ్యండి" అని తనే మోటారు స్టార్టర్ దగ్గర నిలబడ్డారు.

కళ్లం నిండా ఎర్రగా పరిచిన మిరపకాయలు. ఘాటుకు అందరూ తుమ్ములు. పాట ఒక చరణం, తుమ్ములు ఒక చరణం. వాడరేవు నుంచి మొదటి బస్సుకే బయల్దేరిన పేరమ్మా పోలయ్యా గట్టు మీద కూర్చుని, తెచ్చిన చేపల బుట్టను కాకులు ముట్టకుండా కాపలా కాస్తున్నారు.

కేజియా ముందు దిగింది. భయపడకుండా మునిగి లేచింది. సలోమి తొట్టి అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేసింది. పైపులోంచి నీళ్లు ధారగా పడుతున్నాయి, చల్లగా, నేల లోపలి వాసనతో.

"ఎవరు పిలిస్తే వచ్చావమ్మా?" అన్నారు పాస్టరు గారు మెల్లగా.

"ఎవరెవరో పిలిచారయ్యగారూ," అంది సలోమి. "ఆ గొంతులన్నీ ఆయనవే."

నీళ్లలోకి జారింది. ఆయన ఆమెను వెనక్కి వంచి ముంచుతుండగా టక్కుమని కరెంటు పోయింది. మోటారు ఆగింది, ధార సన్నగిల్లింది. బాపయ్య గారు "అరెరె!" అన్నారు. అప్పటికే సలోమి నీళ్లు చిమ్ముకుంటూ పైకి లేచింది. జుట్టంతా మొహానికి అంటుకుపోయి, ఊపిరి కోసం నోరు తెరిచి, ముక్కులో మిరప ఘాటు ఎక్కి ఒక్క తుమ్ము తుమ్మింది. కేజియా పకపకా నవ్వింది. తల్లి కూతుర్ని కావలించుకుని తనూ నవ్వింది. వాళ్లిద్దరూ ఇంకా తొట్లోంచి బయటికి రాకముందే ముఠా ఆడవాళ్లు తర్వాతి పాట ఎత్తుకున్నారు.